చప్పుడు చెయ్యని కత్తెర

ఆ సందులో అతన్ని సొంత పేరుతో పిలిచేవాళ్ళు ఎవరూ మిగల్లేదు. ఎదురుగా ఉంటే మేస్త్రి, అటు తిరిగితే అనుమానం మేస్త్రి. చేసేది కోత పనిముట్లు. చెప్పులు కుట్టేవాళ్ళకు తోలు కత్తులు, పుస్తకాలు బైండు చేసేవాళ్ళకు కాగితం కత్తులు, దర్జీలకు బారు కత్తెరలు, క్షవరం చేసేవాళ్ళకు సన్న కత్తెరలు, తోటమాలులకు కొమ్మలు కత్తిరించేవి. ఇన్ని చేసేవాడి కొట్లో అమ్మకానికి వేలాడదీసిన కత్తి ఒక్కటి కనపడదు. చేసి పెట్టుకుని అమ్మడం అతని పద్ధతి కాదు. మనిషి రావాలి, అడగాలి, అతను అడిగినవాటికి జవాబు చెప్పాలి. ఆ జవాబులు నమ్మబుద్ధి అయితేనే కొలిమిలో బొగ్గు పడుతుంది.

అడిగేవి పెద్ద చిక్కు ప్రశ్నలేమీ కావు. ఏం కొయ్యాలి, ఏ చేత్తో కోస్తావు, కూర్చుని కోస్తావా నిలబడా. అడుగుతూ అడుగుతూ కళ్ళు మాత్రం వచ్చినవాడి వేళ్ళ మీద పెడతాడు. దర్జీకి బొటనవేలి కణుపు మీద కాయ కాస్తుంది. తోలు కోసేవాడికి అరచెయ్యి మొదలు గట్టిపడుతుంది. నోరు ఒకటి చెప్పి వేళ్ళు ఇంకొకటి చెబితే, ఇవాళ బొగ్గు లేదు, రేపు రమ్మంటాడు. ఆ రేపు ఎప్పటికీ రాదని సందంతటికీ తెలుసు.

ఎదురు కొట్లో సోఫాలకు గుడ్డలు కుట్టే ఆయన ఉన్నాడు. మేస్త్రి భార్యకు పెద్దమ్మ కొడుకు. రోజుకు పదిసార్లు ఇటు తిరిగి బావా బావా అని కేకేస్తాడు కాబట్టి, ఆ పిలుపు తిరిగి అతనికే అంటుకుని సోఫా బావ అయిపోయాడు. మేస్త్రి ఎవరినో నిలబెట్టి ప్రశ్నలు వేస్తుంటే చూసి అతను ఊరుకోలేడు.

"కందకు లేని దురద కత్తిపీటకెందుకు బావా. వాళ్ళేం కోసుకుంటే నీకేం?"

"కోత తప్పితే జనం కందను తిట్టరు బావా, కత్తిపీటనే తిడతారు" అనేవాడు మేస్త్రి, తల ఎత్తకుండా.

ఈ అనుమానం అతనికి పుట్టుకతో వచ్చింది కాదు. పనితో వచ్చింది. మేనమామ దగ్గర నేర్చుకున్నాడు. ఆయన నోట్లోంచి మెచ్చుకోలు ఊడిపడేది కాదు గాని బోధలకు కొదవ లేదు. ఇనుమును నమ్మకురా, ఎర్రగా ఉన్నప్పుడు ఒక మాట, చల్లారాక ఒక మాట చెబుతుంది. నిప్పును నమ్మకు, నువ్వు కళ్ళార్పే దాకా కాచుకుని ఉంటుంది. కొనేవాణ్ణి అసలే నమ్మకు. ఈ చివరి మాటను కుర్రతనంలో అతను పెద్దగా పట్టించుకోలేదు. సొంతంగా కొట్టు పెట్టుకున్న కొత్తలో ఒకడు వచ్చి తోలు కోతకని చెప్పి మంచి కత్తి చేయించుకుపోయాడు. దానితో ఆ మహానుభావుడు రంగు డబ్బాల మూతలు పెకిలించాడు. అంచు పళ్ళూడిన దువ్వెన అయింది. దాన్ని బజారంతా తిప్పి ఇదీ మన మేస్త్రి పనితనం అని చూపించాడు. ఆ మసి పోవడానికి మేస్త్రికి చాలా ఏళ్ళు పట్టింది. అప్పటినుంచీ ఏం కొయ్యాలో తెలియకుండా ఇనుము ముట్టుకోనని ఒట్టు పెట్టుకున్నాడు.

అనుమానం పెనుభూతం అంటారు. భూతానికి కొట్టు ఒకటి, ఇల్లు ఒకటి అని తేడా ఏముంటుంది. అతని ఇల్లూ కొట్టూ ఒకే కప్పు కింద ఉన్నాయి, మధ్య ఒక పరదా. పరదాకు ఇవతల కొలిమి, ఇనుము పెట్టి కొట్టే దాగలి, సాన. అవతల వంటపొయ్యి, మంచం, కిటికీ కింద భార్య కూర్చునే పీట. కత్తులకు తోలు ఒరలు కుట్టే పని ఆవిడది. మనిషి మితభాషి. కాని ఒక్కొక్క మాట కుట్టు సూదిలా దిగుతుంది. అన్నం ఉడికిందని ఆవిడ చెబితే, విని ఊరుకోక అతను గిన్నె మూత తీసి చూసేవాడు.

"మూత తీస్తే ఆవిరి పోతుంది గాని అనుమానం పోదండీ" అనేది ఆవిడ.

ఆ ఏడు ఊళ్ళో జేబుదొంగతనాలు ఎక్కువయ్యాయి. బస్సులో, సంతలో, సినిమా హాలు మెట్ల మీద. సోఫా బావ గుడ్డలు కొనడానికని బస్సెక్కి, దిగేసరికి చొక్కా లోపలి జేబు లేదు. జేబులో ఉన్నవి పోవడం కాదు, జేబే లేదు. ఆ చొక్కా విప్పి మేస్త్రి ముందు పరిచాడు. మేస్త్రి కోత అంచును వేలితో తడిమి, ఇది బ్లేడు పని కాదు, కత్తెర, అది కూడా మంచి కత్తెర అన్నాడు.

"అంత ముద్దుగా చెబుతున్నావు, కొంపదీసి నీదేనా?"

సోఫా బావ నవ్వడానికే అన్నాడు. మేస్త్రి మాత్రం నవ్వలేదు. తను వేసే ముద్ర అతనికి గుర్తొచ్చింది. చేసిన ప్రతి పనిముట్టు మీదా, కత్తెరకైతే రెక్కలు కలిపే మర పక్కన, చిన్న ముద్ర కొడతాడు. అది ఏ దొంగ చేతిలో దొరికినా దారి తన గుమ్మానికే తీస్తుంది.

అనుకున్నంతా అయింది. వెనక సందులో ఇంకో కత్తెరల మేస్త్రి ఉండేవాడు. అతని ముద్ర ఉన్న కత్తెర ఒకటి దొంగ దగ్గర దొరికింది. పోలీసులు వచ్చి కొట్టుకు తాళం వేశారు. దొంగ నాలుగు రోజుల్లో బయటికి వచ్చాడుగాని తాళం రాలేదు. ఆ మేస్త్రి ఇప్పుడు తోపుడు బండి మీద కూరగాయలు అమ్ముతున్నాడు. ఆ తర్వాత కానిస్టేబులు ఈ సందుకూ వచ్చి, ఎవరికి ఏం చేసి ఇస్తున్నారో ఒళ్ళు దగ్గర పెట్టుకోండని హెచ్చరించి పోయాడు. చెప్పింది అందరికీ. చూసింది మాత్రం మేస్త్రి వైపే అని మేస్త్రికి అనిపించింది.

సరిగ్గా ఆ రోజుల్లో ఆవిడ వచ్చింది.

వచ్చినట్టు ఎవరికీ తెలియలేదు. మేస్త్రి సాన మీదనుంచి తల ఎత్తేసరికి గుమ్మంలో నిలబడి ఉంది. నడివయసు మనిషి. గవ్వరంగు చీర, బిగించి కట్టిన జుట్టు. చేతికి గాజు లేదు, వేలికి ఉంగరం లేదు, కాళ్ళకు పట్టీ లేదు. కదిలితే చప్పుడయ్యేది ఒంటిమీద ఒక్కటి కూడా లేదు. గుమ్మం దాటి లోపలికి మాత్రం రాలేదు. రమ్మన్నా పరవాలేదండీ అని అక్కడే నిలబడింది.

కత్తెర కావాలంది. ఎలాంటిదో కూడా ఆవిడే చెప్పింది. ముక్కు మొండిగా ఉండాలి, కింది రెక్క ఒంటికి ఆనుకుని పోయినా చర్మం గీరుకోకూడదు. ఒక్క చేత్తో పని జరగాలి, రెండో చెయ్యి ఖాళీగా ఉండదు. మందపాటి గుడ్డ అయినా ఒక ఊపులో తెగాలి. అన్నీ చెప్పి, కాస్త ఆగి, అసలు మాట చెప్పింది.

"చప్పుడు చెయ్యకూడదు మేస్త్రిగారూ. పక్కనున్నవాళ్ళకు వినపడకూడదు."

మేస్త్రికి చేతిలో కత్తి బరువెక్కింది. ఆవిడ వేళ్ళ కేసి చూశాడు. కాయ లేదు, మచ్చ లేదు. ఎప్పుడూ నీళ్ళలో నానినట్టు పాలిపోయి ముడతలు పడి ఉన్నాయి. గోళ్ళు కండ దాకా కత్తిరించి ఉన్నాయి. ఏ పనిదో చెప్పని చేతులు. ఇన్నేళ్ళలో అలాంటి చేతులు అతను చూడలేదు.

"ఏం కొయ్యాలమ్మా?"

"బట్టలు."

"తానులా, కుట్టినవా?"

"కుట్టినవే."

"విప్పినవా, ఒంటిమీదవా?"

ఆవిడ సందులోకి ఒకసారి చూసి గొంతు తగ్గించి, ఒంటిమీదవే అంది.

"ఎవరి ఒంటిమీదవి?"

"అది చెబితే మీరు చెయ్యరు" అంది. "ఇంతకు ముందు ఇద్దరు చెయ్యనన్నారు. మళ్ళీ వస్తాను, ఆలోచించి చెప్పండి."

వచ్చినట్టే వెళ్ళిపోయింది.

మేస్త్రి పరదా తొలగించుకుని లోపలికి పోయి భార్యతో చెప్పాడు. మొండి ముక్కు ఎందుకు? జేబువాడికి గుచ్చుకుని కేక వెయ్యకుండా. ఒక్క చెయ్యే ఎందుకు? రెండో చెయ్యి జేబులో ఉంటుంది కాబట్టి. చప్పుడు ఎందుకు కూడదో ఇక వేరే చెప్పాలా. జేబుదొంగ కత్తెర ఎలా ఉండాలో జేబుదొంగ అయినా ఇంత చక్కగా చెప్పలేడని అతను చేతులు తిప్పుకుంటూ చెప్పాడు. భార్య ఒర కుడుతూ అంతా విన్నది.

"దొంగయితే అబద్ధం చెప్పేది కదండీ. దర్జీననో, ఇంకేదో. ఆవిడ అబద్ధం కూడా చెప్పలేదు."

"అదే గదా ముదురుతనం."

"నేను చెప్పాల్సింది చెప్పాను" అని ఆవిడ దారం కొరికింది.

రెండోసారి ఆవిడ వచ్చినప్పుడు చూద్దాంలెండి అని పంపించి, కొట్టు సోఫా బావకు అప్పగించి మేస్త్రి వెనకాలే నడిచాడు. ఆవిడ ఎక్కడా ఆగలేదు, ఎవరితోనూ మాట్లాడలేదు. బజారు దాటి పెద్దాసుపత్రి వెనక వీధిలోకి తిరిగింది. అక్కడ ఎప్పుడూ జనమే. గోడ పొడుగునా రోగుల తాలూకు మనుషులు, కళ్ళు వాచినవాళ్ళు, నిద్ర లేనివాళ్ళు, తమ జేబులో ఏముందో తమకే పట్టనివాళ్ళు. దొంగకు ఇంతకన్నా పచ్చని చేను ఎక్కడుంటుంది అనుకున్నాడు మేస్త్రి. ఆవిడ వెనక గేటు దగ్గరికి పోగానే కాపలావాడు లేచి, అడగకుండానే గేటు తీశాడు. ఇంకేముంది, వీడికీ వాటా ఉంది. కంచే చేను మేస్తోందన్నమాట. మేస్త్రి అక్కడినుంచే వెనక్కి తిరిగాడు. ఇంకొంచెం నిలబడి ఉంటే ఏమయ్యేదో గాని, అనుమానం ఉన్నవాడికి సగం చూస్తే చాలు, మిగతా సగం వాడి దగ్గరే ఉంటుంది.

దారి పొడుగునా ఆలోచించాడు. చెయ్యనంటే ఆవిడ ఇంకో ఊళ్ళో ఇంకొకరి దగ్గర చేయించుకుంటుంది. పోలీసులకు చెబితే ముందు తననే కూర్చోబెడతారు. అప్పుడు అతనికి ఒక ఉపాయం తోచింది. తోచినందుకు తనలో తనే మురిసిపోయాడు.

కత్తెర అరిచేది రెక్కల వల్ల కాదు, మర దగ్గర. రెక్కలు ఎంత నునుపు చేసినా, మర కింద ఉండే బిళ్ళ సరిగ్గా లేకపోతే కీచుమంటుంది. అందుకే మంచి కత్తెరకు అక్కడ ఇత్తడి బిళ్ళ వేస్తారు. మేస్త్రి ఇనుప బిళ్ళ వేశాడు. పైపెచ్చు దాన్ని నునుపు చెయ్యకుండా ఆకురాయి గీతలు అలాగే ఉంచి, నిండా నూనె పట్టించాడు. నూనె ఉన్నంతసేపు అది మూగది. నూనె ఆరిన రోజున ఏ బస్సులోనో, ఏ జేబు మీదో నోరు తెరుస్తుంది. తన ముద్ర ఉన్న కత్తెర దొంగను తనే పట్టిస్తుంది. కావాలనే అలా చేశానని బిళ్ళ విప్పి చూపిస్తే, కానిస్టేబులు వచ్చి భుజం తట్టాల్సిందే.

మిగతా పని మాత్రం మనసు పెట్టే చేశాడు, అది అతని చేతుల బలహీనత. ముక్కును చింతగింజంత గుండ్రంగా తిప్పాడు. పిడులు ఒకదానికొకటి తగిలే చోట తోలు ముక్క అతికించాడు. రెక్కల లోపలి ముఖాలను అద్దం చేశాడు. భార్య అటుగా వచ్చి బిళ్ళ కేసి చూసింది. ఇత్తడి అయిపోయిందా అని అడిగింది. అయిపోలేదు, దీనికి ఇదే అన్నాడు.

మూడోసారి ఆవిడ వచ్చినప్పుడు కత్తెర చేతికిచ్చాడు. పాత గుడ్డ ఒకటి ఇస్తే గుమ్మంలోనే నిలబడి కోసి చూసుకుంది. వినడానికి తల పక్కకు వంచింది. ఏమీ వినపడలేదు. అప్పటిదాకా బిగిసి ఉన్న ముఖం వదులైంది.

"మీరెంతమందికి మేలు చేశారో మీకు తెలియదు" అంది.

మేలట, అనుకున్నాడు మేస్త్రి.

"దీనికి నూనె వేస్తూ ఉండాలా?"

నూనె వెయ్యమని చెప్పని కత్తెర అతని చేతి మీదుగా ఎప్పుడూ బయటికి పోలేదు. కుర్రవాడు కొన్నా, ముసలివాడు కొన్నా, ముందు ఆ మాట చెప్పేవాడు.

"అక్కర్లేదమ్మా" అన్నాడు.

ఆ తర్వాత మేస్త్రి చెవులు బజారు మీద వేసి కూర్చున్నాడు. బస్సు దిగి వచ్చేవాళ్ళను ఏమైనా విశేషాలా అని అడిగేవాడు. ఒకరోజు సోఫా బావ పరిగెత్తుకుంటూ వచ్చి జేబుదొంగలు దొరికారని చెప్పాడు. మేస్త్రి లేచి నిలబడ్డాడు. ఆడమనిషేనా అని అడిగాడు. కాదు, మీసాలున్న ముగ్గురు మగాళ్ళు, దుప్పట్ల కొట్టువాడి తమ్ముడు కూడా ఉన్నాడట, సందులో అందరికీ వరసలు కలిపి మాట్లాడేవాడు అని సోఫా బావ చెప్పి, నీ ముఖమేంటి ఇలా అయింది, దొంగలు దొరికితే నీకు బాధా అన్నాడు. ఊళ్ళో ముఠా ఒక్కటే ఉంటుందా అన్నాడు మేస్త్రి.

ఆవిడ మళ్ళీ రావడం ఒక మధ్యాహ్నం. ఈసారి చప్పుడుతోనే వచ్చింది. నడక తడబడి గుమ్మం పక్కనున్న బొగ్గు బకెట్టును కాలితో తన్నుకుంది. కొంగులోంచి కత్తెర తీసి గడప మీద పెట్టింది.

"అరిచింది" అంది.

మేస్త్రికి లోపల ఏదో గెలిచినట్టయింది. అది ముఖం మీదికి రాకుండా అదుపు చేసుకుని, ఎక్కడ అన్నాడు.

అప్పుడు చెప్పింది ఆవిడ. పోయినవాళ్ళకు స్నానం చేయించి బట్టలు మార్చడం తన పని. ఆసుపత్రిలో పోయినవాళ్ళకు, ఇళ్ళల్లో పోయినవాళ్ళకు, ఎవరు పిలిస్తే వాళ్ళకు. ఒళ్ళు బిగుసుకుపోయాక చేతులు మడవవు, బట్టలు విప్పడం కుదరదు. ఒక చేత్తో మనిషిని పక్కకు పట్టుకుని రెండో చేత్తో కత్తిరించాలి. తర్వాత కట్టే కొత్త బట్టను కూడా వీపు మీద చీల్చి ముందునుంచి తొడగాలి. ఇంట్లోవాళ్ళు పక్క గదిలోనే ఉంటారు, తలుపుకు ఆనుకుని ఉంటారు. లోపల ఏ చిన్న చప్పుడైనా వాళ్ళకు వినపడుతుంది. అందుకని గాజులు తీసేసింది, పట్టీలు తీసేసింది. మిగిలింది కత్తెర చప్పుడొక్కటే.

మొన్న ఒక ఇంట్లో పోయింది చదువుకునే పిల్ల. తల్లి ఏడ్చి ఏడ్చి అప్పుడే కాస్త నెమ్మదించింది. ఈవిడ కత్తెర పెట్టింది. చొక్కా సగం దాకా మెత్తగా తెగి, ఉన్నట్టుండి కీచుమంది. తల్లి తలుపు తోసుకుని వచ్చింది. వచ్చి కత్తెర ఉన్న చెయ్యి పట్టుకుంది.

"ఏమందో తెలుసా మేస్త్రిగారూ. పిల్ల అరుస్తోంది, ఆపు, దానికి నొప్పి పుడుతోంది అంది."

ఆ పని తను పూర్తి చెయ్యలేకపోయిందట. పిల్లను సగం చిరిగిన బట్ట మీదే దుప్పటి కప్పి తీసుకుపోయారట. తప్పు మీదని అనడానికి రాలేదండీ అంది. నూనె అక్కర్లేదన్నారు కదా, ఒకవేళ నేనే తడి తగలనిచ్చానేమో, దీన్ని బాగుచెయ్యడం కుదురుతుందా అని అడగడానికి వచ్చానంది. రేపు పొద్దున ఒక పెద్దాయన ఇంటికి పోవాలి. కుదరకపోతే ఈ పని ఇక మానేస్తానంది.

పరదా పక్కకు జరిగింది. మేస్త్రి భార్య ఎప్పుడు వచ్చి నిలబడిందో తెలియదు. ఆవిడ కళ్ళు కత్తెర మీద ఉన్నాయి, మాట మాత్రం మొగుడితో.

"మా అమ్మ పోయినప్పుడు నేను తలుపు ఇవతల కూర్చున్నానండీ. ఎవరెవరు వచ్చారో, ఎవరేమన్నారో ఏమీ గుర్తులేదు. లోపలినుంచి కత్తెర చప్పుడు మాత్రం ఇప్పటికీ వినపడుతుంది. అన్నం తింటుంటే వినపడుతుంది. కుడుతుంటే వినపడుతుంది."

ఇన్నేళ్ళ కాపురంలో ఆవిడ ఆ మాట చెప్పడం అదే మొదలు. రోజంతా కత్తెరలు ఆడించి చూసుకునే మనిషికి పరదా అవతల కూర్చుని ఎలా చెబుతుంది. మేస్త్రి దాగలి మీద చెయ్యి ఆన్చుకున్నాడు. ఇప్పుడు ఒక్క అబద్ధం చాలు. నూనె గడ్డకట్టింది అంటే ఇద్దరూ నమ్ముతారు. భార్య నమ్మకపోవచ్చు, బిళ్ళ కేసి చూసిన మనిషి.

"తప్పు మీది కాదమ్మా" అన్నాడు. "అది అరవాలనే చేశాను. మిమ్మల్ని జేబుదొంగ అనుకున్నాను."

ఆవిడకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక ఇన్నాళ్ళూ దాటని గడప మీదే కూలబడింది. తిడుతుందని మేస్త్రి ఎదురుచూశాడు. తిట్టలేదు.

"నా పని ఇదీ అని మొదటే చెప్పుంటే చేసేవారా?"

మేస్త్రి గడప మీది కత్తెరను చేతిలోకి తీసుకున్నాడు.

"తెలియదమ్మా. చేసేవాణ్ణి అని చెబితే ఇంకో అబద్ధం అవుతుందేమో."

"ముందు అడిగిన ఇద్దరిలో ఒకాయన, నేను నిలబడ్డ చోట నీళ్ళు చల్లించాడు" అంది ఆవిడ. "మీరు దొంగనుకున్నారు. దొంగను లోపలికి రమ్మన్నారు, అదొక మేలు."

మేస్త్రి భార్య ముందుకు వచ్చి ఆవిడ మోచెయ్యి పట్టుకుని లేవదీసి, లోపలినుంచి తన పీట తెచ్చి కొలిమి పక్కన వేసి కూర్చోబెట్టింది. తాగడానికి నీళ్ళిచ్చింది. ఆ తర్వాత మొగుడి వైపు తిరిగి, ఇత్తడి అయిపోలేదన్నారుగా అంది.

మేస్త్రి కత్తెరను విప్పాడు. ఇనుప బిళ్ళ లోపల తుప్పు పట్టి ఎర్రగా ఉంది. దాన్ని కొలిమిలోకి విసిరాడు. రెక్కల మీద పడిన గీతలను సాన పట్టి, ఆ పైన తోలు మీద రుద్ది పోగొట్టాడు. ఇత్తడి రేకు కత్తిరించి బిళ్ళ చేసి, వెంట్రుక పట్టే సందు కూడా లేకుండా కూర్చోబెట్టాడు. నూనె సీసా ఒకటి చిన్నది వెతికి, వాడిన ప్రతిసారీ ఒక బొట్టు, మర్చిపోకూడదు అని చెప్పి ఆవిడ ఒళ్ళో పెట్టాడు. పని అయ్యేసరికి ఎండ సందులోంచి పోయింది. అన్నీ బిగించి చెవి దగ్గర పెట్టుకుని ఆడించాడు. ఏమీ వినపడలేదు.

అయినా అతనికి నమ్మకం కుదరలేదు. ఇన్నేళ్ళు సుత్తి దెబ్బలు తిన్న చెవులు అవి. తమకు వినపడలేదన్నంత మాత్రాన అసలు చప్పుడే లేనట్టు ఎలా అవుతుంది.

"నువ్వు లోపలికి పోయి పరదాకు ఆనుకుని కూర్చో" అన్నాడు భార్యతో. "వినపడితే చెప్పు."

ఆవిడ అతని కేసి ఒక్క క్షణం చూసింది. వద్దంటుందేమోనని అతనికి భయం వేసింది. వద్దనలేదు. పీట లేదు కాబట్టి నేల మీదే కూర్చున్న అలికిడి పరదా వెనకనుంచి వచ్చింది. ఆ వెంటనే గొంతు కూడా వచ్చింది.

"ఏం కోస్తారు? పాత గుడ్డ ఇవ్వనా?"

"అక్కర్లేదు. నా ఒంటిమీద కొయ్యమంటాను."

"అయితే మంచి చొక్కా విప్పి మాసింది తొడుక్కోండి."

అతను మాసిన చొక్కా తొడుక్కుని ముక్కాలిపీట మీద కూర్చున్నాడు. కొలిమి పక్కన కూర్చున్నావిడ కత్తెర తీసుకుని లేచి వచ్చి వెనక నిలబడింది. పరిచయం లేని మనిషిని, చేతిలో కోసేది ఉన్నవాళ్ళను, అతను ఎప్పుడూ వెనక నిలబడనివ్వలేదు. సోఫా బావ వెనకనుంచి వచ్చినా ఉలిక్కిపడి తిరిగేవాడు. ఇప్పుడు గోడకేసి చూస్తూ కూర్చున్నాడు. ఆవిడ ఎడమ చెయ్యి అతని భుజం పట్టుకుని కొంచెం ముందుకు వంచింది. ఆ చెయ్యి చల్లగా, తడిగా, ఏ తొందరా లేకుండా ఉంది.

"అయిపోతుంది నాయనా" అంది ఆవిడ, గుసగుసగా. "కాస్త ఓర్చుకో. అయిపోతుంది."

అన్నది తనను కాదని అతనికి తెలుసు. అలవాటు మీద వచ్చిన మాట. రోజూ వినలేనివాళ్ళకు ఆవిడ చెప్పే మాట. మొండి ముక్కు మెడ కింద చల్లగా తగిలి, వెన్ను గాడి వెంట దిగడం మొదలుపెట్టింది. ఎక్కడా గుచ్చుకోలేదు, ఎక్కడా ఆగలేదు. అతను ఊపిరి బిగబట్టి విన్నాడు. సందులో ఎవరో సైకిలు తోసుకుపోతున్నారు. సోఫా బావ కొట్టు మూస్తున్నాడు. కొలిమిలో బొగ్గు చల్లారుతోంది. అన్నీ వినపడుతున్నాయి.

పరదా వెనకనుంచి భార్య గొంతు వచ్చింది, కొంచెం విసుగ్గా.

"ఎంతసేపు కూర్చోనండీ? మొదలుపెట్టమనండి ఆవిణ్ణి."

అతను తల వంచి చూసుకున్నాడు. చొక్కా అప్పటికే రెండు ముక్కలై అతని మోచేతుల మీదికి జారిపోయి ఉంది.